మనుషులుండగానే ఖాళీ అయిన వీధి

మా ఊళ్లో ఒక వీధి కొన్నాళ్లపాటు ఖాళీ అయిపోయింది. మనుషులు ఎక్కడికీ వెళ్లలేదు. మంచాల మీద, అరుగుల మీద, తలుపుల వెనక అందరూ ఉన్నారు. అయినా విశాఖపట్నంలో ఒక గదిలో, కంప్యూటర్ తెర మీద, ఆ వీధికి పెట్టిన చుక్క రోజురోజుకూ వెలిసిపోయి చివరికి కనబడకుండా పోయింది.

మురుగునీళ్ల లెక్కల పనిలో కొత్తగా చేరుతున్న పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని ఈ మధ్య నన్ను పిలిచారు. మైకు ఇచ్చారు. నేను గొంతు సవరించుకునేసరికి టీలు వచ్చాయి. టీల తర్వాత ఫోటోలు. ఫోటోల తర్వాత ఎవరికి వాళ్లు వెళ్లిపోయారు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. కాగితానికి టీ విరామం ఉండదు.

ముందే చెప్పేస్తున్నాను. ఇది రెండేళ్లు నిండని ఒక పిల్ల ఊపిరి కథ. చుక్కలూ గీతలూ సీసాలూ మోడలూ, అన్నీ ఆ ఊపిరి చుట్టూ తిరిగినవే. మీరు ఆ పిల్లను మర్చిపోతే ఇది వట్టి కంప్యూటర్ కథ అయిపోతుంది.

నేను అనకాపల్లిలో కాలువల మేస్త్రీగా పనిచేశాను. బడి చదువు ఐదో తరగతితో ఆగింది. ఆ తర్వాతిది నా అంతట నేను చదువుకున్నదే. బెల్లం కొట్లో పొట్లాలు కట్టే పాత పేపర్లతో మొదలుపెట్టి, ఫుట్‌పాత్ మీద దొరికిన డిగ్రీ స్టాటిస్టిక్స్ పుస్తకం దాకా వచ్చాను. అందులో సగం అర్థమైంది. అర్థం కాని సగం మీద ఇప్పటికీ కోపమే. ఇంకో సంగతి. ఇన్నేళ్ల కాలువ పనిలో నా ముక్కు చచ్చిపోయింది. కంపూ తెలియదు, సువాసనా తెలియదు. మల్లెపూలూ మడ్డీ నాకొక్కటే. దీనికీ కథకీ సంబంధముంది.

కరోనా వెళ్లిపోయిన కొన్నేళ్లకు, నేను రిటైరయ్యే ముందు, నన్ను ఈ కొత్త పనిలో వేశారు. కొండల వైపు నుంచి పిల్లలకు తట్టు వస్తోందన్న మాట వినబడింది. సంతలకీ బెల్లం మార్కెట్టుకీ నాలుగు వైపుల నుంచీ జనం వచ్చే ఊరు మాది. ఇంటింటికీ వెళ్లి అడిగితే ఎవరూ నిజం చెప్పరు, కాలువ నీళ్లు చెబుతాయి, జబ్బు పిల్లల గుండెల్లోకి దిగకముందే పట్టుకోవచ్చు. అదీ ఆలోచన. మంచి ఆలోచనే. "మురుక్కి మోడలేంటయ్యా" అని నవ్విన శానిటేషన్ సారుకే దాన్ని అప్పజెప్పారు, అది వేరే సంగతి.

జనం లేచి మొహాలు కడిగే వేళకు మేము వీధి కాలువ గెడ్డలో కలిసే చోట నిలబడాలి. గెడ్డ అంటే మా వైపు వాగు. ఊళ్లోకి వచ్చేసరికి వాగు మిగలదు, మురుగే మిగులుతుంది. పేరుకు ప్రతి ఇంటికీ సెప్టిక్ ట్యాంకు ఉంటుంది, పైపు మాత్రం కాలువలోకే. దీని మీద నేను ఆఫీసులో అరవని రోజు లేదు. చివరికి ఆ తప్పే మా పనికి ఆధారమైంది.

సీసా ముంచేది నాతోపాటు పనిచేసే ఔట్‌సోర్సింగ్ కార్మికురాలు. నాకన్నా బాగా చిన్నది. నన్ను అన్నియ్యా అనేది, నేను చెల్లీ అనేవాణ్ణి. తాడు కట్టిన గిన్నెను నీళ్లలోకి వదిలి, సీసా నింపి, మూత బిగించి, ఐసు డబ్బాలో పెట్టేది. ఆమె కూతుర్ని ఇచ్చింది బెల్లం మార్కెట్టు వెనక కళాసీల వీధిలో. కళాసీలంటే బెల్లం దిమ్మలు మోసేవాళ్లు. ఆ వీధి చివర సీసా ముంచేటప్పుడు ఆమె చూపు నీళ్ల మీద ఉండేది కాదు, కూతురింటి గుమ్మం మీద ఉండేది. గుమ్మంలో మనవరాలు తప్పటడుగులు వేస్తూ కనబడాలి.

"ఓలప్పా! నా బంగారు గుంట లేసిపోనాది! అన్నియ్యా, సూడు, నిన్ను సూసి సెయ్యూపుతంది!"

"నన్ను కాదే, ఐసు డబ్బాని సూసి. ఐసుబండి అనుకుంటంది."

నిజంగానే ఆ పిల్లకు ఆ డబ్బా అంటే ఇష్టం. ఒకసారి కొత్త డబ్బా తెచ్చినప్పుడు చెయ్యి లోపల పెట్టి తీయనని ఏడ్చింది.

సీసాలు విశాఖపట్నం ల్యాబ్‌కి వెళ్లేవి. అక్కడ మోడల్, అంటే ఆ సీసాల లెక్కలు కట్టే కంప్యూటర్ ప్రోగ్రాం, నడిపే అమ్మాయిది గుంటూరు వైపు. లెక్కల అమ్మాయి అనేవాణ్ణి. నన్ను బాబాయ్ అనేది. నేనేం అడిగినా విసుక్కునేది కాదు. అంతకుముందు ఏ చదువుకున్నవాడూ నాకు ఆ మర్యాద ఇవ్వలేదు కాబట్టి మొదట్లో నాకు అనుమానం వచ్చింది కూడా.

"సీసాలో తట్టు వైరస్ ఎంతుందో తెలిస్తే చాలదు బాబాయ్," అంది ఒకసారి ఫోన్లో. "అది ఎంతమంది నీళ్లో తెలియాలి. చారులో పులుపెంతో చెప్పాలంటే నీళ్లెన్ని పోశారో తెలియాలిగా."

"ఎలాగమ్మా తెలిసేది? కాలవలో మనుషుల పేర్లు రాసుంటాయా?"

"కారం చెబుద్ది."

నేను ఎగతాళి అనుకున్నాను. కాదట. మిరప మొక్కకు ఒక వైరస్ పడుతుంది. మనిషికి ఏ హానీ చేయదు. కారప్పొడిలో ఉంటుంది, పచ్చట్లో ఉంటుంది. కూరతోపాటు మన కడుపులోకి వెళ్లి అలాగే కిందికి దిగి కాలువలోకి వస్తుంది. అది ఎంతుంటే అంతమంది మనుషులున్నట్టు. జబ్బును ఆ మిర్చి గుర్తుతో భాగిస్తారు. వానపడి నీళ్లు పల్చబడినా లెక్క చెడదు.

"అయితే మీ గుంటూరోళ్లు ఒక్కరు మా వీధిలోకి వస్తే ఊరు మొత్తం వచ్చినట్టు సూపిత్తాది."

ఆ అమ్మాయి పగలబడి నవ్వింది. "అందుకే బాబాయ్, ఏ వీధికి ఆ వీధి మామూలెంతో ముందు నేర్చుకుంటది మోడల్. దాన్నిబట్టే మిగతాదంతా."

ఇంకొక నియమం ఉంది. ఏదైనా సీసాలో మిర్చి గుర్తు మామూలు కన్నా బాగా పడిపోతే ఆ సీసా చెల్లదు. ఎక్కడో పైపు పగిలి మంచినీళ్లు కలిశాయనో, ముంచినవాళ్లు మోసం చేశారనో అర్థం. మోడల్ దాన్ని పక్కన పడేస్తుంది. అందులో జబ్బు ఉందా అని ఇక చూడదు. ఎక్కడి పెద్ద నగరాల మురుగులోనో పుట్టిన నియమం అది. అలాగే వచ్చింది, అలాగే పెట్టుకున్నాం.

ఎండలు ముదురుతున్న రోజులు. ఆ అమ్మాయి ఫోన్ చేసింది.

"బాబాయ్, కళాసీల వీధిలో జనం ఏ జాతరకన్నా వెళ్లారా?"

"లేదే. ఇప్పుడే అటునుంచి వత్తన్నాను. మగాళ్లు దిమ్మలు మోత్తన్నారు."

"నా తెర మీద మాత్రం తగ్గిపోతున్నారు."

తర్వాతి సీసాకు ఇంకా తగ్గారు. ఆ తర్వాతి సీసాకు, "ఎవరూ లేరు బాబాయ్," అంది. ఆ మాట మామూలుగానే అంది. ఎందుకో నాకు మాత్రం ఫోన్ చల్లగా తగిలింది.

మోడల్ నియమం ప్రకారం ఆ సీసాలన్నీ చెల్లలేదు. చెల్లలేదన్న కబురు ల్యాబ్ నుంచి మా శానిటేషన్ సారుకు వెళ్లింది. ఆయన మమ్మల్నిద్దర్నీ పిలిపించాడు.

"ఏమ్మా, కాలవలో ముంచడానికి చేతులు రావట్లేదా? కుళాయి కింద పట్టి పంపుతున్నావటగా? ఇంకోసారి ఇలాగే వస్తే పనిలోకి రానక్కర్లేదు, మనుషులు చాలామంది ఉన్నారు నాకు."

నేను లేచాను. "మీరు ముక్కుకి గుడ్డ కట్టుకుని కారు దిగకుండా చూసే కాలవ అది. ఈమె పూడిక తీసింది అందులో మోకాళ్ల లోతున దిగి. చేతులు రాకపోవడమేంటి సార్?"

ఆయన నన్ను పట్టించుకోలేదు, అది ఆయనకు అలవాటు. నన్ను భయపెట్టింది ఆమె. మామూలుగా మాటకు మాట అనే మనిషి, నేల చూస్తూ, చాలా మెల్లగా అంది:

"తీసేత్తే తీసెయ్యండి బాబూ."

బయటికొచ్చాక నిలదీశాను. "సెయ్యని తప్పుకి అలా తలొంచుకున్నావేటి?"

"గట్టిగా మాటాడకు అన్నియ్యా."

"ఇది ఆఫీసు గుమ్మం. ఇక్కడెవరున్నారు వినడానికి?"

ఆమె ఒకసారి భుజం వెనక్కి చూసుకుంది. అక్కడ ఎవరూ లేరు. నడిచి వెళ్లిపోయింది.

మరుసటి సీసా నేనే ముంచుతానన్నాను, ఆమె మీద మాట పడకుండా. పొద్దున్నే ఇద్దరం కళాసీల వీధికి వెళ్లాం.

ఆ వీధి పొద్దు నాకు బాగా తెలుసు. మిక్సీలు, తిట్లు, బిందెల చప్పుడు, ఒకడి పాట, ఇంకొకడి దగ్గు, ఎవరింట్లోనో మరిగే నూనెలో ఎండుమిరపకాయ చిటపట. ఆ పొద్దు అవేవీ లేవు. నిద్రపోతున్న వీధి కాదది, అందరూ లేచే ఉన్నారు. ఆడవాళ్లు చీపురు నేలకు తగిలీ తగలనట్టు ఊడుస్తున్నారు. ఒకాయన చుట్ట నోట్లో పెట్టుకుని వెలిగించకుండా కూర్చున్నాడు. ఒక పిల్లవాడు ఏడవబోతే తల్లి వాడి నోటి మీద మెత్తగా చెయ్యి మూసింది. నన్ను చిన్నప్పట్నుంచీ ఎరిగినవాళ్లు నన్ను చూశారు, పలకరించలేదు. మాట్లాడితే ఏదో మేలుకుంటుందన్నట్టు ఉన్నారు.

కూతురింటి గుమ్మానికి పాత చీర తెరలా కట్టి ఉంది. గుమ్మంలో మనవరాలు లేదు.

"గుంటేదే?"

"నిద్దరోతంది," అంది, ఇంటి వైపు చూడకుండానే. "నువ్వు ముంచు అన్నియ్యా. బేగి ఎల్లిపోదాం."

నా చేత్తో ముంచాను, నా చేత్తో మూత బిగించాను. ఆ సీసాలో కూడా వీధి ఖాళీయే.

ఈసారి లెక్కల అమ్మాయి గొంతు మారింది. "బాబాయ్, అది కుళాయి నీళ్లు కాదు. ప్రతి సీసాకీ అమ్మోనియా కొలిచి పక్కన రాసిపెడతాం, ఇప్పుడు తీసి చూశా, అది మామూలుగానే ఉంది. అమ్మోనియా అంటే ఉచ్చ. పోసేవాళ్లందరూ ఉన్నారు. తినేవాళ్లే లేరు."

"దెయ్యాలకి ఉచ్చుండదమ్మా," అన్నాను నవ్వించడానికి. ఆమె నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. తినకుండా, మాట్లాడకుండా, తలుపుల వెనక బతికే ఉన్న జనం. నేను చదివిన పుస్తకంలో ఇలాంటి లెక్క లేదు.

"నేను వస్తున్నా. వీధి చూడాలి," అంది.

ఈ మాట చెబితే సీసా ముంచే నా చెల్లెలి మొహం నల్లబడింది. "ఆ గుంటనెందుకు తెత్తన్నావు అన్నియ్యా? సదూకున్నోళ్లొత్తే ఎనకాల కర్రలొత్తాయి." కర్రలంటే కరోనా నాటి కర్రలు. జబ్బు ఉందని తెలియగానే ఆ వీధికి రెండు వైపులా అడ్డంగా వెదురు కర్రలు కట్టారు. మా శానిటేషన్ వాళ్ల చేతే కట్టించారు. కూలికి వెళ్లనివ్వలేదు, రానివ్వలేదు.

ఆ అమ్మాయి మధ్యాహ్నం వేళకు ల్యాబ్ కారులో దిగింది, ఇంకా సీసాలు పెట్టని కొత్త ఐసు డబ్బాతో. ముగ్గురం వీధిలోకి నడిచాం. మొదటి ఇంట్లో ఒక కళాసీ భార్య, కొత్త ఆడపిల్లను చూసి, మెల్లగా పిలిచింది.

"ఎండలో వచ్చేవు తల్లీ. పెరుగన్నం తినెల్లు. ఆడపిల్లని ఉత్తినే పంపకూడదు."

అమ్మాయి మొహమాటపడుతూనే అరుగు మీద కూర్చుంది. ఒక ముద్ద తింది. రెండో ముద్ద కలుపుతూ ఆగింది. "కాస్త పచ్చడో, ఒక మిరపకాయో ఉంటే ఇస్తారా అత్తా? కారం లేకపోతే మాకు ముద్ద దిగదు," అంది నవ్వుతూ.

ఆ ఇల్లాలు చెంప మీద కొట్టినట్టు వెనక్కి జరిగింది. "ఉష్! ఆ మాట అనకమ్మా!" అని వీధి పొడుగునా చూసింది.

అమ్మాయి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గుసగుసగా అడిగింది: "మీ ఇంట్లోనేనా? అందరూనా?"

"అందరమూను తల్లీ. పొయ్యి మీద నూనె చుక్క పడి ఎన్నాళ్లయిందో."

నాకప్పుడు తెలిసింది. చిన్నప్పుడు మా అక్క ఒంటి మీద పొక్కులు వచ్చినప్పుడు మా అమ్మ ఇలాగే చేసింది. ఇంట్లో అమ్మవారు ఉన్నన్నాళ్లూ పోపు వేయకూడదు, వేపుడు వేయించకూడదు, కారం నాలుక మీద పెట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. అమ్మవారికి ఆ ఘాటూ ఆ చప్పుడూ గిట్టవు. అన్నీ చప్పిడి, అన్నీ చల్లన. ఒకే బంధువర్గం కట్టుకున్న వీధిలో ఒక ఇంట్లో అమ్మవారుంటే వీధంతా పాటిస్తుంది. గుమ్మానికి వేపమండ కట్టి ఉంటే ఏ మేస్త్రీకైనా తెలిసిపోయేది. కర్రల భయానికి ఆ మండల్ని గుమ్మానికి కట్టకుండా లోపల పెట్టుకున్నారు. వీధిలో పోపు వాసన లేదన్న సంగతి ముక్కున్న ఎవడైనా పట్టేవాడు. నాకు ముక్కు లేదు.

అమ్మాయి చెయ్యి కడుక్కుని, అరుగు మీదే కంప్యూటర్ తెరిచింది. పక్కన పడేసిన సీసాల లెక్కలన్నీ బయటికి తీసి, మిర్చి గుర్తును తీసేసి, అమ్మోనియాతో భాగించింది. నేను ఆమె భుజం మీదుగా చూస్తున్నాను. తెర అడుగున పాకుతున్న తట్టు గీత లేచి నిలబడింది.

"వీధి పిల్లల్లో చాలామందికి ఉంది బాబాయ్," అంది. "జబ్బు పెరిగేకొద్దీ కారం మానేశారు. కారం మానేసేకొద్దీ మోడల్ వీళ్లను లేరనుకుంది. సరిగ్గా జబ్బున్న సీసాలనే ఏరి ఏరి పారేశా నేను."

నేను వెనక్కి తిరిగి చూసేసరికి నా చెల్లెలు అక్కడ లేదు. పాత చీర తెర కదులుతోంది.

లోపల చీకటిగా, తడిగా ఉంది. గోడలకు తడిగుడ్డలు. చాప మీద వేపాకు పరిచి దాని మీద పిల్లను పడుకోబెట్టారు. ఒళ్లంతా ఎర్రగా కమిలింది. ఊపిరి తీసిన ప్రతిసారీ డొక్కలు లోపలికి పోతున్నాయి. తల్లి వేపమండతో విసురుతోంది. నా చెల్లెలు ఒక మూల కూర్చుని ఉంది. ఆమె వియ్యపురాలు, ముసలామె, మాకు అడ్డంగా నిలబడింది.

"సెప్పులిప్పండి బాబూ. అమ్మ నిద్దరోతంది."

"నిద్దరేటి? గుంటకి ఊపిరాడట్నేదు! సూడండి ఆ డొక్కలు!"

"కేకలెయ్యకు. అమ్మకి కోపమొత్తాది."

"అమ్మేటి? దానికో పేరుంది కదా! పేరెట్టి పిలవండి, పలుకుతాదేమో సూత్తాను!"

ముసలామె నా వైపు జాలిగా చూసింది. "అమ్మ ఒంట్లో ఉన్నన్నాళ్లూ దానికి పేరు నేదు బాబూ."

ఆ మాటకు నా కోపమంతా ఎక్కడికో పోయింది. బయట తెర మీద వీధి లేదు. లోపల చాప మీద పిల్ల లేదు. ఊపిరి మాత్రం ఉంది, గీసుకుంటున్నట్టు. ఇంట్లో అందరూ ఆ చప్పుడును భక్తిగా వింటున్నారు.

"ఆస్పత్రికి తీసుకెళ్దాం అవ్వా," అంది లెక్కల అమ్మాయి గుమ్మంలోంచి.

"సూది పొడుత్తారు. ఆపైన వీధికి కర్రలు కడతారు," అంది ముసలామె. "మా ముసలాయన ఆ కర్రల ఎనకే పోయేడు. మందుకెల్తానంటే ఎల్లనిచ్చేరు కాదు. అప్పుడు రాని డాట్రు ఇప్పుడెందుకు?"

నేను ఇంకా అరవాలనుకున్నాను. అరవడం తప్ప నాకేం వచ్చు?

అప్పుడు నా చెల్లెలు మూలనుంచి లేచింది. నేరుగా గుమ్మం దగ్గరకు వచ్చి, అమ్మాయి చేతిలోని కొత్త ఐసు డబ్బా తీసుకుంది. చాప పక్కన పెట్టి మూత తీసింది. చల్లటి పొగ పిల్ల మొహం మీదికి పాకింది. కళ్లు తెరవని ఆ పిల్ల తల తిప్పింది. చెయ్యి మెల్లగా వెతుక్కుంటూ వచ్చి డబ్బా అంచు పట్టుకుంది.

"అమ్మా, తల్లీ," అంది నా చెల్లెలు, చేతులు జోడించి, తన సొంత మనవరాలితో. "ఉడుకుగా ఉందా? సల్లదనం కావాలా? సల్లటి గది ఉంది. తీసుకెల్తాను, వత్తావా?"

పిల్ల అంచు వదల్లేదు. నా చెల్లెలు డబ్బాను ఒక వేలెడు వెనక్కి జరిపింది. ఆ చెయ్యి దాంతోపాటే జరిగింది.

"అడుగుతంది వదినా," అంది వియ్యపురాలితో. "అమ్మే అడుగుతంది. నాను తీసుకెల్తన్నాను."

ముసలామె వంగి, ఒక వేపమండ తీసి డబ్బా మీద పెట్టింది.

"నానూ వత్తాను. కారు హారను కొట్టొద్దని సెప్పండి."

నా చెల్లెలు ఆ మాట నమ్మి అందో, వియ్యపురాలి కోసం అందో, ఈ రోజుకీ అడగలేదు. కొన్ని అడగకూడదు.

వీధి చివరిదాకా జనం గుమ్మాల్లో నిలబడి చేతులు జోడించారు. నాకు కాదు, కారుకీ కాదు. మూల ఇంటి ముందు కారు నెమ్మదించినప్పుడు లోపలికి చూశాను. దూలానికి ఉయ్యాల కట్టి ఉంది. అందులో వేపాకు మాత్రమే ఉంది. ఆ ఇంటివాళ్లు నా చూపు చూసి మొహాలు తిప్పుకున్నారు.

ఆస్పత్రిలో పిల్లకు ఆక్సిజన్ పెట్టారు. న్యుమోనియా, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేమన్నారు. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ మంచిది. తలగడ దగ్గర వేపమండ ఉంటే ఉండనిచ్చింది, ముసలామెను మంచం పక్కనే కూర్చోనిచ్చింది. కొన్నాళ్లకు ఊపిరి నెమ్మదించింది. కళ్లు తెరిచి ఐసు డబ్బా ఏదని చూసిందట. అప్పుడు ముసలామె మొదటిసారి పేరు పెట్టి పిలిచింది. నేను అక్కడ లేను. నా చెల్లెలు చెప్పింది, చెబుతూ ఏడ్చింది.

ఈలోగా శానిటేషన్ సారు వీధి చివరకు వెదురు కర్రలు దింపించాడు. నా చెల్లెలు ఆయన కారుకు అడ్డంగా నిలబడింది.

"ఒక్క కర్ర నాటండి బాబూ. ఈసారి నిజంగానే కుళాయి నీళ్లు పంపుతాను, మీ లెక్క మీరు సూసుకోండి."

ఆయన కర్రలు వెనక్కి పంపించేశాడు. నర్సులు ఇళ్లలోకి వెళ్లారు, చెప్పులు విప్పి, మెల్లగా మాట్లాడుతూ. పిల్లలందరికీ మందు అందింది. ఎండలు తగ్గేలోగా ఒక పొద్దున్న ఆ వీధిలో నూనె చిటపట వినబడింది. ఆ తర్వాతి సీసాకు లెక్కల అమ్మాయి ఫోన్ చేసి, "వచ్చేశారు బాబాయ్," అంది, ఎవరో ప్రయాణం నుంచి తిరిగొచ్చినట్టు.

కథ ఇక్కడితో ఆపితే మీకు బాగుంటుంది. నాకు బాగుండదు.

ఆ అమ్మాయి నియమాన్ని తీసేసింది. ఇప్పుడు కారం పడిపోయిన సీసాను పారేయరు, ముందు దాన్నే చూస్తారు. అంతటితో ఆగకుండా, పనిని మొదలుపెట్టిన రోజునుంచీ చెల్లవని పక్కన పడేసిన సీసాల లెక్కలన్నీ మళ్లీ తెరిచింది. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి ఊరి పటం మీద నడిపించి చూపించింది. అక్కడొక చుక్క వెలిసిపోతుంది, కొన్నాళ్లకు తిరిగొస్తుంది. ఇంకోచోట ఇంకొకటి. మేము చూడకుండానే ఊళ్లో వీధులు ఒకటొకటిగా ఆరిపోయి మళ్లీ వెలిగాయి.

"తిరిగొచ్చినప్పుడు అందరూ వచ్చారా అమ్మా?" అని అడిగాను.

"లెక్క ప్రకారం అందరూ వచ్చారు బాబాయ్." పటం మీద ఒక చుక్క మీద వేలు పెట్టింది. "కానీ ఆ లెక్క కారం తినేవాళ్లది. పసిపిల్లలు కారం తినరుగా. వాళ్లు మొదట్నుంచీ ఇందులో లేరు."

ఉన్నా లేరు, పోయినా లేరు. నాకు మూల ఇంటి ఉయ్యాల గుర్తొచ్చింది. మీరు తెర ముందు కూర్చునే పిల్లలు. చుక్క తిరిగొచ్చిందని సంతోషించే ముందు ఈ ఒక్క మాట గుర్తు తెచ్చుకుంటారని రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నాను.

మొన్న నా చెల్లెలు కబురు పెడితే కళాసీల వీధికి వెళ్లాను. ఆమె మనవరాలు ఇప్పుడు వీధి మొత్తం పరిగెడుతోంది. ముసలామె అన్నం పెడుతోంది, పిల్ల తన కంచం వదిలి నాయనమ్మ కంచంలోకి చెయ్యి పెట్టింది, ఎర్రగా కలిపిన ఆవకాయ ముద్దలోకి.

"ఓలమ్మ, కారమే! నీకొద్దే!"

అప్పటికే నోట్లో పెట్టేసుకుంది. కళ్లు పెద్దవయ్యాయి, నీళ్లు కారాయి, మొహం కందిపోయింది. మేమందరం నీళ్ల కోసం లేచాం. పిల్ల ముక్కు ఎగబీల్చి, చెయ్యి మళ్లీ చాచింది.

"ఇంకా," అంది.

నేను లెక్కల అమ్మాయికి అక్కణ్ణుంచే ఫోన్ చేశాను. "రేపటి సీసాలో ఒకరు ఎక్కువుంటారమ్మా," అన్నాను. "పారెయ్యకండి."